సత్యవేణి పసుపు

సత్యవేణి ముట్టుకున్న ప్రతిదానికీ పసుపు అంటుకుంటోందని సోమవారం తేలింది, గురువారానికల్లా పురపాలక సంఘం ఆమెను శుభకార్యాల విభాగంలో తాత్కాలిక ఉద్యోగిగా వేసుకుంది. ముందు కళ్లు పచ్చబడ్డాయి, తర్వాత ఒళ్లు, ఆపైన ఆవిడ పట్టుకున్న గ్లాసు, తలుపు గడియ, బస్సులో కడ్డీ. కడిగితే పోదు, రుద్దితే ఇంకా నిగనిగలాడుతుంది. కమిషనరు గారు స్వయానా వచ్చి, వేలితో రాసి చూసుకుని, కొమ్ము పసుపుకు ఏమాత్రం తీసిపోదని తేల్చారు.

మొగుడు పోయిన మనిషిని శుభకార్యాల్లో పెట్టుకోవడమేమిటని ఒకరిద్దరు నసిగారు. నిబంధనల్లో మాత్రం పసుపు ఉండాలనే ఉంది గానీ అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలని లేదు. నసిగినవాళ్లు నోరు మూసుకున్నారు.

ఇక చూస్కోండి, ఆవిడకి ఊపిరి సలిపితే ఒట్టు! పొద్దున్నే శుభలేఖల కట్టలొస్తాయి, నాలుగు మూలలా వేలు పెట్టాలి. తర్వాత గృహప్రవేశాల గడపలు, సాయంత్రం పేరంటాలు. పదేళ్లకు పైగా ఆవిడ ఎదురొస్తే వెనక్కెళ్లి కాసిని మంచినీళ్లు తాగి మరీ బయల్దేరిన పొరుగువాళ్లు, ఇప్పుడు ఆవిడ వీధిలోకి వస్తేగానీ స్కూటరు తీయడం లేదు. ఒళ్లంతా ఒకటే దురద, అన్నం సయించదు, జాకెట్లు వదులైపోయాయి. అయినా సత్యవేణి సంతోషం ఇంతా అంతా కాదు. పసరు వైద్యుడొకడు కామెర్లు నయం చేస్తానని వస్తే, ప్రజల ఆస్తికి నష్టం కలిగించరాదని సంఘం వాళ్లు గట్టిగా చెప్పి పంపించేశారు.

ఓ రోజు ఆడపడుచు భూలక్ష్మి వచ్చింది. పెద్దకూతురి పెళ్లిలో వదినను వంటశాల వెనక కూర్చోబెట్టి, అక్షింతలకి కూడా పిలవని మనిషి ఈవిడే.

"వదినా, చిన్నదానికి శ్రావణంలో ముహూర్తం పెట్టేశాం. పెళ్లికూతుర్ని నువ్వే చెయ్యాలి. నువ్వు కాదంటే నేనొప్పుకోను" అంది చేతులు పట్టుకుని.

సత్యవేణి పాత సంగతి ఎత్తలేదు. "నేనుండగా నీకెందుకే బెంగ, భూలక్ష్మీ" అంది. ఆడపడుచు వెళ్లాక తలుపేసుకుని, సంతోషం పట్టలేక ఏడ్చింది.

కొత్త ఉద్యోగులకు ఆరోగ్య పరీక్ష తప్పదు కాబట్టి, సత్యవేణిని పెద్దాసుపత్రికి పంపారు. స్కానింగు చూసిన డాక్టరు హైమవతి ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాగితం మీద బొమ్మ గీసింది.

"అమ్మా, లివర్లో తయారైన పైత్యరసం రెండు కాలువల్లో వచ్చి, ఒకచోట కలిసి పేగులోకి దిగాలి. సరిగ్గా ఆ కలిసేచోట గడ్డ లేచింది. కిందికి దారిలేక పైత్యం రక్తంలోకి ఎక్కుతోంది. మీ పసుపంతా అదే."

"కేన్సరాండి?"

"అవునమ్మా. చాలా అరుదైన రకం. ముందు చిన్న గొట్టం పెట్టి పైత్యానికి దారి చేస్తాం. తర్వాత గడ్డని, దాంతోపాటు కొంత లివర్ని కోసి తీసేస్తాం. ఇప్పుడైతే వీలవుతుంది. ఆలస్యం చేస్తే పక్క రక్తనాళాలకి పాకుతుంది, అప్పుడు కొయ్యలేం."

సత్యవేణికి ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమైంది.

"గొట్టమేత్తే ఈ పసుపు పోద్దాండి?"

"పోవాలమ్మా. పోతేనే అది పనిచేసినట్టు."

"పోయాక నన్ను పెళ్లిళ్లకి పిలుత్తారాండి?"

అది తమ విభాగం కిందికి రాదంది డాక్టరు.

శ్రావణ ముహూర్తాలు ముగిసేదాకా చికిత్స వాయిదా వేసుకుంటే మంచిదనీ, ఆపైన జీతంతో సెలవిస్తామనీ సంఘం కబురంపింది. ఒళ్లు మండి డాక్టరు ఆవిడకి ఫోన్ చేసింది. "నన్నెవరూ బలవంతం చెయ్యలేదండి. ఆగుదామని నేనే అనుకున్నాను" అంది సత్యవేణి. చావంటే భయం లేక కాదు. ఆ భయం కన్నా పెళ్లిపందిట్లో ముందు వరస పెద్దదిగా కనబడింది, అంతే.

పెళ్లి దివ్యంగా జరిగింది. మేనకోడలి బుగ్గలకు సత్యవేణి రెండు చేతులూ ఆనించగానే పిల్ల బంగారంలా మెరిసిపోయింది. ముత్తైదువలు వరసకట్టి ఆవిడ కాళ్లకు దణ్ణాలు పెట్టి, దీర్ఘసుమంగళీభవ అని ఆవిడ నోటే అనిపించుకున్నారు. ఫోటోలో ఆవిణ్ణి నడిమధ్యన కూర్చోబెట్టారు.

శ్రావణం వెళ్లాక మళ్లీ స్కానింగు తీశారు. "పాకేసిందమ్మా. ఇంక కొయ్యడానికి లేదు. గొట్టం పెట్టి దురద తగ్గిస్తాం, మందులిస్తాం" అంది డాక్టరు, కళ్లు దించుకుని.

"అలాగేనండి. రంగు మట్టుకు కాస్త ఉండనివ్వండి."

గడ్డ తీయడం కుదరదని తెలియగానే సంఘం ఆవిణ్ణి పర్మనెంటు చేసింది.

సత్యవేణి డాక్టరు గదిలోంచి బయటికొచ్చేసరికి, స్కానింగు కోసం వరసకట్టి వరండా నిండా ఆడవాళ్లు. బోసి నుదుళ్లు, బోసి మెడలు. ఒకళ్ల కంటి రెప్పలు ఒకళ్లు కిందికి లాగి, పచ్చదనం ఏమైనా తగిలిందా అని చూసుకుంటున్నారు.

"అక్కా, ఏం తింటే వచ్చిందక్కా నీకు? మాకూ చెప్పవా?" అని చుట్టూ మూగారు.

సత్యవేణి అక్కడి బల్ల మీద కూర్చుని, పక్కకి జరిగి చోటిచ్చింది. అరచేతిలో వేలితో రెండు కాలువలూ, అవి కలిసేచోటూ, గడ్డా, అన్నీ నిదానంగా గీసి చూపించింది. "తిండితో వచ్చేది కాదమ్మా ఇది. చాలా అరుదంట. అందరికీ రాదు" అంది.

వాళ్ల మొహాలు చిన్నబోయాయి. అయినా ఒకసారి స్కానింగు తీయించుకుని చూస్తే పోయేదేముందని, ఒక్కరు కూడా వరసలోంచి కదల్లేదు.