ఇంటి నొసటి ఏడాది

వేముల బసవపున్నయ్యకి ఇసుకపల్లి భావన్నారాయణ మీద ఉన్న కోపమల్లా ఒక్కటే. నగరపాలక సంస్థ వాడికి నెలకి మూడొందల అద్దెకి స్టూడియో ఇచ్చిన నాటి నుంచి గొడౌను వీధిలో ఇళ్ళన్నీ వారానికో ఏడాది చొప్పున వయసు తగ్గి కొత్తవవుతుంటే, బసవపున్నయ్య ఇల్లు మాత్రం ఉన్న వయసులోనే ఉండిపోయింది. ఇళ్ళ వయసు తగ్గడం గురించి ఆయనకి అభ్యంతరం లేదు. వీధిలో ఎవరికీ లేదు. అది భావన్నారాయణ చేతి మీదుగా తగ్గడమే ఆయన గొంతు దిగలేదు.

పథకం పేరు నగర పునర్యవ్వనం. పాతబడిన పేటలో ఖాళీగా పడి ఉన్న గొడౌనో మిల్లో చూసి, గదులుగా విడగొట్టి, కళాకారులకి చవగ్గా అద్దెకిస్తారు. కళాకారుడు లోపల కూర్చుని బొమ్మ వేస్తాడు, బయట గోడల పగుళ్ళు పూడుకుంటాయి. అద్దె మూడొందలకి మించితే ఇది పనిచెయ్యదని ఇంజనీర్లు తేల్చారు. ఇంకో పేటలో ఆరొందలు చేసి చూస్తే, అక్కడి కళాకారుడు అద్దె కట్టడం కోసం పెళ్ళి శుభలేఖలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ దెబ్బకి మూడిళ్ళ ప్రహరీలు మళ్ళీ బీటలిచ్చాయి. అందుకని చవగ్గానే ఉంచారు. మనుషుల వయసు మాత్రం తగ్గదు. మనుషులకి వేరే పథకం ఉందనీ, దానికి నిధులు ఇంకా విడుదల కాలేదనీ వార్డు ఆఫీసులో చెబుతారు.

భావన్నారాయణ కుంచె పట్టడం నేర్చుకుంది బసవపున్నయ్య దగ్గరే. ఇద్దరూ కలిసి సినిమా బ్యానర్లు, బట్టల షాపు బోర్డులు, ఎన్నికల గోడలు రాశారు. హీరో ముఖం బసవపున్నయ్య వేస్తే వెనకాల మంటలు భావన్నారాయణ వేసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఇద్దరి కడుపూ కొట్టాక బసవపున్నయ్య లారీల వెనక నంబర్లు రాసుకుంటూ నెట్టుకొచ్చాడు. భావన్నారాయణకి ఆ పని కూడా దొరక్క, ఇంట్లో కూర్చుని గేదె వీపు బొమ్మలు వేశాడు. తల ఉండదు, కాళ్ళుండవు, ఒట్టి వీపు. ఆ వీపు ముందు పథకం ఆఫీసరు హైమావతి గారు చాలాసేపు నిలబడి స్టూడియో మంజూరు చేశారు. బసవపున్నయ్య కూడా అడిగి చూశాడు. ఆరో తరగతిలో బడి మానేసినవాడు కళాకారుడు కాకూడదని రూలేమీ లేదు. ఆవిడ లారీ నంబర్ల ఫోటోలు చూసి, ఇది వృత్తి అండీ, కళ కాదు, అని మర్యాదగా చెప్పారు. మర్యాదగా చెప్పారు కాబట్టి బయటికొచ్చి తిట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

వీధి మారడం కంటికి తెలుస్తూనే ఉంది. మూలింటి పిట్టగోడలో మొలిచిన రావిమొక్క వారం వారం చిక్కిపోయి, రెండాకులై, చివరికి విత్తనమైతే, ఒక కాకి వచ్చి దాన్ని ముక్కున కరుచుకుని తోక వైపుగా ఎగిరిపోయింది. ఏసీ పెట్టెల కోసం గోడలకి కొట్టిన కంతలు పూడుకున్నాయి. ఏసీలు వీధిలో పడితే యజమానులు సంతకం పెట్టి పట్టుకుపోయారు. ఇళ్ళు కొత్తవి కాగానే అద్దెలూ కొత్తవయ్యాయి. పాతికేళ్ళ నుంచి అక్కడే అద్దెకున్నవాళ్ళు మంచాలూ బిందెలూ ఆటోల్లో కట్టుకుని బైపాసు అవతలికి పోయారు. ఇల్లు వయసులో ఉంది, మనకి తగదులే అనుకున్నారు తప్ప ఒక్కరూ గొడవపడలేదు. వాళ్ళ స్థానంలో వచ్చినవాళ్ళు అదే వీధిలో ఇల్లున్న సుబ్బాయమ్మ గారి వసారాలో కాఫీ కొట్టు పెట్టారు. అక్కడ కాఫీ సీసాలో పోసి, దాంతో పాటు ఒక పుస్తకం కూడా ఇస్తారు. చదవకపోయినా ఏమీ అనరు.

ఇదంతా చూసి బసవపున్నయ్య భార్య కనకరత్నం ఒక రోజు సుబ్బాయమ్మ గారి గచ్చు మీద చేయి వేసి చూసి వచ్చింది. అద్దంలా ఉందంది. తన గచ్చు వైపు చూసుకుని చీపురు తీసి ఊడవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడే బసవపున్నయ్యకి ఎక్కువ తగిలింది. పైగా భావన్నారాయణ సాయంత్రమైతే స్టూడియో గుమ్మంలో నిలబడి, గురూ రా, టీ తాగిపో, అని పిలిచేవాడు. బసవపున్నయ్య వెళ్ళేవాడు. టీ తాగేవాడు. వాడి గదికి ఎన్ని కిటికీలున్నాయో, ఏ కిటికీలోంచి ఎంత వెలుతురొస్తుందో చూసుకుని, ఆ వెలుతురంతా కడుపులో మంటగా మోసుకుని ఇంటికొచ్చేవాడు.

ఆయన ఇంటికి పథకం ఎందుకు వర్తించలేదంటే, అది యాభై ఏళ్ళు దాటిన ఇళ్ళకి. వయసు తేల్చేది ఇంటి నొసటి అంకెని బట్టి. మన వైపు ఇల్లు కట్టినవాడు పైన పేరూ కింద ఏడాదీ సిమెంటుతో పోయించుకోనిదే పాలు పొంగించడు కదా. దస్తావేజులైతే ట్రంకు పెట్టెల్లో చెదలు తింటాయి, నొసటి అంకె ఎండకీ వానకీ నిలబడుతుంది. అందుకని పథకంలో దాన్నే సాక్ష్యంగా పెట్టుకున్నారు. బసవపున్నయ్య ఇంటి మీద కనకరత్న నిలయం, 1989 అని ఉంది. ఎదురుగా భావన్నారాయణ ఇంటి మీద 1956 అని ఉంది. అది వాడి తాత కట్టింది. ఇల్లు కట్టే తాత దొరకడం కూడా వాడికే రాసిపెట్టి ఉందని బసవపున్నయ్య పళ్ళు నూరుకున్నాడు.

లారీల పని లేని ఒక ఆదివారం మధ్యాహ్నం, వీధి భోజనాలు చేసి పడుకున్నాక, ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కి పాత అంకె చెక్కేశాడు. కనకరత్నం కింద నిచ్చెన పట్టుకుంది.

"డెబ్భై నాలుగు వేస్తే చాలదా?" అంది.

"చాలుద్ది."

"మరి యాభై నాలుగెందుకయ్యా? అప్పటికి మీ నాయనకే పెళ్ళి కాలా."

"వాడిది యాభై ఆరు. వాడింటికన్నా చిన్నింట్లో ఉండమంటావా నన్ను?"

"వయసు ఎక్కువ చెప్పుకుని మురిసేవాణ్ణి నిన్నే చూశా," అంది కనకరత్నం. నిచ్చెన మాత్రం వదల్లేదు.

ఆ నాలుగంకెలూ బసవపున్నయ్య జన్మలో ఎప్పుడూ పెట్టనంత మనసు పెట్టి పోశాడు. తొమ్మిదికి పొట్ట నిండుగా, నాలుగుకి తోక కొంచెం వంపుగా, ఆ కాలపు సున్నప్పని వాళ్ళు ఎట్లా పోసేవాళ్ళో అట్లా పోశాడు. ఆరాక టీ డికాషనూ లాంతరు మసీ కలిపి పట్టించాడు. కిందికి దిగి చూసుకుంటే ఆయనకే ఆ ఇంట్లోకి చెప్పులతో వెళ్ళబుద్ధి కాలేదు.

తనిఖీకి వచ్చినప్పుడు హైమావతి గారు ఆ అంకె కింద నిలబడి కదల్లేదు. పక్కనున్న ఇంజనీరుతో, ఇట్లాంటి చెయ్యి ఇప్పుడు ఎక్కడుందండీ అన్నారు. నిపుణులని ఇద్దరిని పంపించారు. వాళ్ళు గోరుతో గీకి, వాసన చూసి, పందొమ్మిది వందల యాభైల నాటి పనేనని ధ్రువపరిచారు. బసవపున్నయ్య వాళ్ళ వైపు చూడలేదు. ఎదురింటి అరుగు మీదున్న భావన్నారాయణకి ఈ మాటలు వినబడ్డాయా లేదా అని చూశాడు. వినబడ్డాయి. వాళ్ళు వెళ్ళిపోయాక వాడు వీధి దాటి వచ్చి, నొసటి వైపు చూసి, తొమ్మిది పొట్ట నాకు తెలుసులే గురూ, అని నెమ్మదిగా అనేసి పోయాడు. ఎవరికీ చెప్పలేదు కూడా. వాడు మంచివాడవడం బసవపున్నయ్యకి ఎప్పుడూ కలిసిరాలేదు.

మర్నాటి నుంచి ఇల్లు వయసులో చిన్నదవడం మొదలైంది. వంటింటి పైకప్పు మీద నూనె జిడ్డు వెనక్కి తగ్గింది. వానాకాలం ఉబ్బి ఏళ్ళ తరబడి మూతపడని స్నానాల గది తలుపు ఒక పొద్దున చప్పుడు లేకుండా మూసుకుంది. కూతురు ఎంత ఎత్తు పెరిగిందో ఏటేటా బొగ్గుతో గీసిన గీతలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే చెరిగిపోయాయి. కనకరత్నం ఆ గోడని కొంగుతో ఒకసారి తుడిచి, తెల్లగా ఉందిలే అంది. కొన్ని నెలలకి ఇల్లు దాని మొదటి రోజుకి చేరింది. గుమ్మానికి పచ్చి మామిడాకులు, లోపల తడి సున్నం వాసన. బసవపున్నయ్య ఆ పూట లారీలకి పోలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాడినీ పిలిచి గచ్చు చూపించాడు. భావన్నారాయణని ప్రత్యేకంగా పిలిచి రెండుసార్లు చూపించాడు. వాడి ఇంటికి గృహప్రవేశం ఇంకా చాలా ఏళ్ళ దూరంలో ఉంది. ఆయన బతుకులో అంత సుఖంగా గడిచిన పగలు ఇంకొకటి లేదు.

పథకం అయితే యాభై నాలుగు దాకా మంజూరైంది. అందుకని వారం తిరక్కుండానే కిటికీ రెక్కలు ఊడి పోగుపడ్డాయి. శ్లాబు పచ్చిగా మారి, కింద సరుగుడు కర్రలు మొలిచాయి, ఆ వెనకే శ్లాబు కూడా కరిగి కంకరా ఇసకా అయి కుప్ప పోసుకుంది. గోడలు వరస వరసగా దిగాయి. అంకె పోసిన వరస కూడా దిగింది గానీ, దాని ఫోటో ఆఫీసులో భద్రంగా ఉంది. మంచమూ గ్యాసు పొయ్యీ రోడ్డు పక్కకి లాక్కుని కనకరత్నం అక్కడే అన్నం వండింది. బసవపున్నయ్య స్టూడియో ఉన్న గొడౌనుకి పరిగెత్తి, నువ్వు కుంచె ఆపరా, నీకు దణ్ణం పెడతా, అన్నాడు.

భావన్నారాయణ కుంచె పక్కన పెట్టాడు, మళ్ళీ తీశాడు. "ఒక్క పూట ఆపితే గది ఖాళీ చేపిస్తారు గురూ. నా ఇంటికి పదిహేనేళ్ళు తగ్గాల్సింది ఇంకా ఉంది. అయినా ఆపమంటే ఆపుతా, నువ్వు నోరు తెరిచి చెప్పు, నీది నాకన్నా చిన్నిల్లు అని. ఆఫీసులో గూడా అదే చెప్పు. అంకె తప్పని తేలితే నేను ఆపినా ఏమీ అనరు, ఇద్దరం బయటపడతాం."

అది వాడు ఎత్తిపొడవడానికి అనలేదు. నిజంగా అదొక్కటే దారి. బసవపున్నయ్య గది గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆ ముక్క నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయింది. వాడి కిటికీలోంచి పడే వెలుతురు సూటిగా గేదె వీపు మీద పడుతోంది. ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాడు. ఆలోచించుకునే లోపల పునాది పూడుకుపోయింది, ముగ్గు గీతలూ మేకులూ కనబడి మాయమయ్యాయి, ఇంటి వయసు అయిపోయి స్థలం వయసు మొదలైంది.

స్థలం యాభై నాలుగుకి చేరేసరికి అది గొడౌను వాళ్ళు పొగాకు ఆరబెట్టే కళ్ళమని తేలింది. ఆ గొడౌనుని పథకానికి ఉచితంగా ఇచ్చిన దాత మనవడు ఒక జీపులో వచ్చి ముళ్ళ కంచె వేయించాడు. మాట మెత్తనివాడు. బసవపున్నయ్య వాళ్ళ నాయన ఆ స్థలం కొన్నది డెబ్భై ఎనిమిదిలో కాబట్టి, ఇంకా కొననట్టేనని ఓపిగ్గా వివరించి, సామాను తీసుకోవడానికి రెండు రోజులు గడువిచ్చాడు. కంచె మీద వేలాడదీసిన బోర్డులో పన్నెండంతస్తుల బొమ్మ ఉంది. బోర్డు ఫ్లెక్సీదే.

అప్పుడు బసవపున్నయ్య హైమావతి గారి ఎదుట నిలబడి, ఆ అంకె నేనే పోశానమ్మా, తప్పయిపోయింది, అన్నాడు. భావన్నారాయణ అక్కడ లేడు కాబట్టి అనగలిగాడు. ఆవిడ నమ్మలేదు. నిపుణులు ధ్రువపరిచాక అట్లా అనడం ఆ పాత పనివాళ్ళని అవమానించడం అవుతుందన్నారు. ఆయన అటెండరు టేబిలు మీదున్న సుద్దముక్క తీసుకుని, ఆఫీసు నేల మీద కూర్చుని, ఆ నాలుగంకెలూ మళ్ళీ రాశాడు. తొమ్మిది పొట్ట, నాలుగు తోక. గుమాస్తాలు కుర్చీల్లోంచి లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాళ్ళలో ఒకాయన చెప్పులు విప్పాడు.

హైమావతి గారు ఆ అంకెల మీదికి వంగి అడిగారు. "ఇది మిమ్మల్ని ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమన్లా."

"దీనివల్ల మీకేమైనా లాభం వచ్చిందా?"

"లాభమా తల్లీ. ఇల్లు పోయింది."

"అయితే మీరు కళాకారులే," అన్నారావిడ. "మేం పొరబడ్డాం."

పునర్యవ్వనమైన భూమిని మళ్ళీ ముసలిదాన్ని చెయ్యడానికి జీవోలో వీల్లేదట. కానీ ఇనప సామాన్ల పేటలో మూతపడ్డ నూనె మిల్లులో గదులు సిద్ధమయ్యాయి, నెలకి మూడొందలు, రేపటి నుంచే రావచ్చు. అక్కడి ఇళ్ళు బాగా పాతవి, చాలామంది అద్దెవాళ్ళే, పని తొందరగా సాగుతుంది. ఆవిడ కాగితం తిప్పి సంతకానికి చోటు చూపించారు. బసవపున్నయ్య పెన్ను తీసుకుని ఆగాడు. భావన్నారాయణ గది ఎంతుంటుందమ్మా అని అడిగాడు. నూట అరవై చదరపుటడుగులు అన్నారు. మరి నాదీ అన్నాడు. నూట డెబ్భై అన్నారు. సంతకం పెట్టేశాడు.

ఇప్పుడాయన పొద్దున్నే నూనె మిల్లుకి వెళ్ళి, గోడ నిండా అంకెలు రాస్తాడు. ఏ ఇంటివీ కావు, ఏ లారీవీ కావు. బయట గోడల పగుళ్ళు పూడుకుంటున్నాయి, రోజుకో ఆటో సామాన్లు ఎక్కించుకుని బైపాసు అవతలికి పోతోంది. కనకరత్నం కూడా అక్కడే ఒక రేకుల గదిలో ఉంటోంది, మధ్యాహ్నం రెండు బస్సులు మారి క్యారేజీ తెస్తుంది. గది ఎట్టా ఉందయ్యా అని అడిగింది మొదటి రోజు. వాడికన్నా పదడుగులు ఎక్కువే వచ్చిందన్నాడు. పోయింది నూట ఇరవై ఒక్క గజాలు.