వారం రోజుల పేదరికం

ఆ శనివారం పొద్దున శ్రీపతి పెట్టుకున్న పని చిన్నదే. స్నేహితుడు విమానం దిగేలోగా తను పేదవాడైపోవాలి.

"ఆ హీటర్ కూడా పక్కింటికి పంపేస్తే మనం గడ్డకట్టుకుపోతాం. ఈ దేశంలో జూలై అంటే నడి చలికాలమండీ," అంది నిరుపమ, రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుంటూ.

"ఒక్క వారం ఓర్చుకో. మీ పిన్ని కొడుకు సంగతి అప్పుడే మర్చిపోయావా?"

నిరుపమ హీటరు ప్లగ్గు తీసేసింది. ఆ పిన్ని కొడుకు వారం రోజులుండి పోతానని వచ్చి, రెండు చలికాలాలు ఆ ఇంట్లోనే గడిపాడు. వెళ్తూ వెళ్తూ పరుపు బాగోలేదని చెప్పి మరీ వెళ్ళాడు. అప్పటినుంచి ఇండియా నంబరు ఫోన్‌లో కనబడితే చాలు, శ్రీపతికి గుండె దడ.

ఇప్పుడొచ్చేవాడు గిరిధర్. కాకినాడలో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో శ్రీపతికి రూమ్మేటు. శ్రీపతికి టైఫాయిడ్ వస్తే పరీక్ష మానేసి, పక్కన కూర్చుని గంజి కాచి పోసినవాడు. కిందటి నెల ఫోన్ చేసి, "నీ దగ్గరికొస్తున్నాన్రా. నిన్ను చూసినట్టూ ఉంటుంది. అక్కడ కొత్తగా ఏదైనా మొదలుపెడితే నిలదొక్కుకోగలమా అన్నది కూడా నువ్వే చెప్పాలి," అన్నాడు. మొదటి మాట శ్రీపతి చెవికి ఎక్కలేదు, రెండోదే ఎక్కింది. గిరిధర్ సెల్‌ఫోన్ల షాపు కరోనాలో మూతపడిందని అతనికి తెలుసు. ఆ తర్వాత ఏమైందో తెలియదు. పొద్దున లేస్తే గులాబీపూల గుడ్ మార్నింగులు పడలేక క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపును ఏనాడో మ్యూట్‌లో పెట్టేశాడు.

శ్రీపతి పిసినారి కాదు. అతనికో కల ఉంది. తాముండే పాపటోయిటోయి పేట బజారులో సొంత టిఫిన్ హోటల్ పెట్టాలి. వారమంతా గోడౌన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజరు ఉద్యోగం చేసి, శుక్రవారం సాయంత్రం దోసెల పిండి రుబ్బి చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఇస్తాడు. ఆ చలిలో పిండి పులవడమంటే మాటలు కాదు. ఇంట్లో గీజరులాంటి వేడినీళ్ళ సిలిండరు ఉండే అల్మరా ఒక్కటే వెచ్చని చోటు. అందులో గిన్నె పెట్టి, పాత దుప్పటి చుట్టి, చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటాడు. ఆ దోసె తిన్నవాళ్ళు ఇంకో చోట దోసె తినరు. లేనిదల్లా పెట్టుబడి పెట్టే భాగస్వామి. ఏళ్ళ తరబడి వెతుకుతున్నాడు. ఈలోగా ఇంకో మనిషిని పోషించే భారం నెత్తిన పడితే ఆ కలకి నీళ్ళొదులుకోవాల్సిందే.

అందుకని కొత్త కారు, గోడంత టీవీ, హీటరు, చివరికి ముందురోజు రుబ్బి పులియబెట్టిన పిండి బకెట్టుతో సహా అన్నీ పక్కింటికి తరలాయి. పక్కింట్లో అప్పారావు ఒక్కడే ఉంటాడు. కొరియర్ వ్యాను నడుపుతాడు. దేనికీ కాదనడు, అడగనిదే ఏదీ చెప్పడు.

"మీ ఇల్లే అనుకోండి శ్రీపతిగారూ. ఎందుకివన్నీ, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?"

శ్రీపతి ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పారావు ఎంతో సానుభూతిగా విన్నాడు.

"మరి ఈ పిండి పాడైపోతుందేమోనండీ?"

"మీరు వాడేసుకోండి."

చిట్టచివరగా శ్రీపతి వేడినీళ్ళ సిలిండరు స్విచ్ కట్టేశాడు. రోజూ చన్నీళ్ళు పోసుకుంటే ఎంతటి ప్రాణస్నేహితుడైనా వారం దాటి నిలవడని అతని లెక్క.

గిరిధర్‌ను ఎయిర్‌పోర్టు నుంచి వానలో బస్సెక్కించి తీసుకొచ్చాడు. గిరిధర్ ఒక్క మాట అనలేదు. "బస్సులోనైతే ఊరు బాగా కనబడుతుందిరా," అన్నాడు. చన్నీళ్ళు పోసుకుని పళ్ళు కటకటలాడుతుంటే, "ఒంటికి మంచిదేలే చెల్లెమ్మా," అన్నాడు. పప్పూ మజ్జిగా పెడితే మారు వడ్డించుకున్నాడు. మర్నాడు లేచి వంటింట్లో కారుతున్న కుళాయి బాగుచేశాడు. ఆ సాయంత్రం తన పెట్టెలోంచి కొత్త జాకెట్ తీసి శ్రీపతి భుజాల మీద కప్పాడు.

"నాకింకోటి ఉందిలే, వేసుకో. చిక్కిపోయావురా నువ్వు."

శ్రీపతికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. అయినా స్విచ్ మాత్రం వెయ్యలేదు.

"ఒరే, నీ దోసెల గురించి చాలా విన్నాను. నిరుడు మనవాడెవడో నీ ఇంట్లో తిని గ్రూపులో తెగ రాశాడు. ఏదీ, వేసి పెట్టు," అన్నాడు గిరిధర్.

శ్రీపతికి ఉత్సాహం ఆగలేదు. ఆ పూటే పప్పు నానబోసి, రుబ్బి, అలవాటు ప్రకారం అల్మరాలో పెట్టాడు. సిలిండరు చల్లగా ఉందన్న సంగతి తెల్లారి గిన్నె మూత తీశాకగాని గుర్తుకు రాలేదు. పిండి ఎలా పెట్టింది అలాగే ఉంది. సిలిండరు వేద్దామంటే కుళాయిలో వేడినీళ్ళొస్తాయి, నాటకమంతా బయటపడుతుంది. ఆ పిండితోనే వేశాడు. దోసె తెల్లగా, మందంగా, పెనాన్ని పట్టుకుని రానంది.

గిరిధర్ ముక్క తుంచి వాసన చూశాడు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుతురులో చూశాడు. చాలాసేపు నమిలాడు.

"పులవలేదురా."

"చలి కదా."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అడిగి మరీ వేయించుకుని, పరీక్షగా చూసి, తిని లేచిపోయేవాడు.

"ఆయన దోసెను అలా ఎందుకు చూస్తున్నారండీ?" అని అడిగింది నిరుపమ.

"ఆకలి," అన్నాడు శ్రీపతి.

బుధవారం శ్రీపతి డ్యూటీ నుంచి వచ్చేసరికి గిరిధర్ మొహం కళకళలాడుతోంది. చలికి ఆగలేక పక్కింటి తలుపు తట్టాడట.

"మీ అప్పారావుగారు గొప్పవాడురా! ఇల్లెంత వెచ్చగా ఉందో! వాకిట్లో ఆ కారేంటి, లోపల ఆ టీవీ ఏంటి! ఒంటి చేత్తో సంపాదించుకున్నాడు చూడు. నాకు దోసె వేసి పెట్టాడు. ఆ దోసె తిన్నాక ఇంక నేనేం చెప్పనురా!"

అది తన పిండేనన్న మాట శ్రీపతి నోటిదాకా వచ్చింది. కానీ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. పీడ పక్కింటికి పోతానంటే ఆపడమెందుకు?

"ఆయన చాలా సమర్థుడు. ఇక్కడ నిలదొక్కుకోవడం గురించి నన్ను కాదు, ఆయన్ని అడుగు. నాకేం తెలుసు?" అన్నాడు. "ఇబ్బంది లేకపోతే ఈ రెండ్రోజులూ అక్కడే ఉండు. ఇక్కడ నీకు వెచ్చగా పడుకునే చోటు కూడా లేకపోయె."

గిరిధర్ వెళ్ళాడు. ఆ సాయంత్రం శ్రీపతీ పెళ్ళామూ దుప్పట్లు కప్పుకుని, పక్కింట్లోంచి తమ టీవీ చప్పుడు వింటూ సంతోషంగా పడుకున్నారు.

శనివారం పొద్దున గిరిధర్ వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"మీకు తెలిసిందేగా, షాపు పోయాక టిఫిన్ బండి పెట్టాను. ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో అంతా హోటళ్ళే. గ్రూపులో రోజూ ఫోటోలు పెడుతూనే ఉన్నారు. ఇక్కడ కూడా ఒకటి పెడదామని, నిన్ను భాగస్వామిగా అనుకునే వచ్చానురా. పెట్టుబడి నాది, చెయ్యి నీది అనుకున్నాను."

శ్రీపతి కుర్చీలో ముందుకు జరిగాడు.

"కానీ ఈ దేశమొచ్చిన పన్నెండేళ్ళకి కూడా ఒక హీటరు కొనుక్కోలేకపోయినవాడి నెత్తిన అంత బరువు పెడితే నిన్ను చంపినట్టే. పోనీ పిండి చూద్దామా అంటే అదీ నీకు కుదరడం లేదు. అందుకని అప్పారావుగారితో ఖాయం చేసుకున్నాను. నువ్వే చెప్పావుగా, సమర్థుడని."

"ఆ పిండి నాది!" శ్రీపతి లేచి నిలబడ్డాడు. "ఆ కారు నాది! టీవీ నాది! హీటర్ నాది!"

గిరిధర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిరుపమ వైపు చూశాడు.

"నిజమే అన్నయ్యగారూ," అందామె.

"ఇన్ని ఉన్నవాడివి నాకు నాలుగు రోజులు చన్నీళ్ళెందుకు పోయించావురా?"

అదొక్కటే ప్రశ్న. దానికి జవాబు కూడా ఒక్కటే. నువ్వొచ్చి నా ఇంట్లో పాతుకుపోతావని, నిన్ను తరిమెయ్యడానికి పోయించాను అనాలి. ఆ ఒక్క మాటకి అవతల హోటల్ ఉంది. గంజి కాచి పోసినవాడి మొహం చూస్తూ అనాలి. శ్రీపతి పెళ్ళాం వైపు చూస్తే ఆమె గోడ వైపు చూస్తోంది.

"కరెంటు బిల్లు... ఎక్కువొస్తుందని," అన్నాడు.

గిరిధర్ లేచి అతన్ని గట్టిగా కౌగలించుకున్నాడు. "నా దగ్గర కూడా గొప్పలెందుకురా? లేకపోవడం తప్పా? నిన్ను గాలికొదిలేస్తాననుకున్నావా? హోటల్లో నీకు పని ఇమ్మని చెప్పాను. పిండి రుబ్బే పని. ఎలా పులియబెట్టాలో ఆయన నేర్పిస్తారు."

వాకిట్లో హారన్ మోగింది. గిరిధర్‌ను ఎయిర్‌పోర్టులో దింపడానికి అప్పారావు వచ్చాడు. శ్రీపతి పెట్టెలు మోసుకెళ్ళి, తన కారు డిక్కీలో తనే సర్దాడు. గిరిధర్ ముందు సీట్లో కూర్చుని, సీటు మెత్తగా ఉందని మెచ్చుకుంటున్నాడు.

అప్పారావు డిక్కీ మూసే వంకన పక్కకి వచ్చాడు.

"కారు సాయంత్రం పంపించేస్తానండీ. మీ చేతి పిండి లేకపోతే నా హోటలే లేదు, ఆ సంగతి నాకు తెలీదా? ఇక మీరు ఈ సామానంతా మా ఇంట్లో ఎందుకు పెట్టారన్నది... ఆయనతో చెప్పనులెండి. పాపం, మీరంటే ప్రాణం ఆయనకి."

శ్రీపతికి ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. చెయ్యి జాకెట్ జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. అదీ గిరిధర్‌దే.

"ఎప్పట్నించి రమ్మంటారు?" అని అడిగాడు.

హోటల్ తెరిచిన రోజు నుంచే రావచ్చనీ, ఇక్కడ కొత్తగా పనిలో చేరే అందరికీ ఉన్నట్టే, నచ్చకపోతే తీసేసే తొంభై రోజుల ట్రయల్ మాత్రం ఉంటుందనీ అప్పారావు ఎంతో మర్యాదగా చెప్పాడు.