డాక్టరమ్మ కారు, ఏడు గొట్టాలు

ఆ గురువారం పొద్దున లాజరు మనసులో వేసుకున్న పథకం చాలా సులువుగా ఉంది. ఏడు గంటలకు డాక్టరమ్మ కారు బానెట్ ఎత్తడం, పగిలిన రబ్బరు గొట్టాలు విప్పడం, కొత్తవి కోసి తొడగడం, పదింటికి స్నానం, పదకొండుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె చేతిలో తాళం పెట్టడం. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి కమిటీ కూర్చుంటుంది. ఆసుపత్రి బండ్లకు పర్మనెంటు మెకానిక్కు ఎవరో ఆ పూటే తేలుతుంది. పద్నాలుగేళ్ళుగా చర్చి రోడ్డులో రేకుల పందిరి కింద జీపులూ లారీలూ బాగుచేస్తున్న లాజరుకు ఆ ఉద్యోగం మీద ఎంత ఆశంటే, ఉద్యోగంతో వచ్చే క్వార్టర్లో మంచం ఏ గోడ పక్కన వేయాలో భార్య ఎలిశిబాతో కలిసి అప్పుడే నిర్ణయించేశాడు కూడా.

డాక్టర్ సౌభాగ్యమ్మ మాట కత్తిరించినట్టు ఉంటుంది. "రేపు ఎల్దుర్తి క్లినిక్‌కు పోయొస్త. నువ్వు గూడ బండిల కూసో. నడుమల ఒక్కసారి గూడ ఇంజను బందు గాకుంటె కమిటీల నీ పేరు నేనే చెప్త. బందైందంటె హైదరాబాదు మెకానిక్కు మదన్ మోహన్ పేరు చెప్త" అని ముందురోజే అనేసింది. ఆమె గొంతులో కోపమేమీ లేదు. లాజరుకు అసలు భయం అందుకే పట్టుకుంది.

ఆ కారు మామూలు కారైతే అతను ఇంత బెదిరేవాడు కాదు. జర్మనీలో చదువు ముగించుకుని వస్తూ డాక్టరమ్మ ఓడలో వేయించుకుని తెచ్చిన బండి అది. దానికి కార్బురేటరు లేదు. పెట్రోలును సూదిమందు ఇచ్చినట్టు ఇంజనులోకి చిమ్ముతుంది. గాలి ఏడు సన్నటి రబ్బరు గొట్టాల గుండా అటూ ఇటూ తిరుగుతుంది. ఆ గొట్టాల మధ్య పిడికిలంత వాల్వు ఒకటి ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువ గాలి వదిలి, వేడెక్కగానే మూసుకోవడం దాని పని. మూడు నెలలుగా ఈ బండికి ఒకటే జబ్బు. ఆక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, ఇంజను ప్రాణం విడిచేది. పోయిన గురువారం ఎల్దుర్తి అంగడి నడిబొడ్డున ఆగిపోతే, మిరపకాయలు అమ్మేవాళ్ళంతా కలిసి తోశారు. డాక్టరమ్మ స్టీరింగు పట్టుకుని తల వంచుకుని కూర్చుందట.

గొట్టాలు విప్పితే మళ్ళీ ఏది ఎక్కడిదో తెలియాలి కదా. లాజరుకు కాగితం మీద గీసుకునే అలవాటు లేదు. లారీ వైర్లకైనా సరే, గుర్తుకు గుడ్డపీలికలు కట్టుకోవడమే అతని పద్ధతి. పక్క కొట్టులో బట్టలు కుట్టే గులాం రసూల్ దగ్గరికి వెళ్ళి గుప్పెడు పీలికలు తెచ్చుకున్నాడు. ఆకుపచ్చవి, ఎర్రవి, పసుపువి, నీలివి, కొన్నింటికి తళుకుల అంచు. గొట్టం ఒక్కో చివరన ఒకటి, అది తగిలే మూతికి అదే రంగుది మరొకటి. ఎనిమిదిన్నరకల్లా ఏడు గొట్టాలూ బయటికి వచ్చాయి. పాతవాటిని కొలతలకు పెట్టుకుని కొత్తవి కోసి, పీలికలు వాటికి మార్చి కట్టి, వరసగా గోనెపట్టా మీద పేర్చాడు. బానెట్ కింద రంగురంగుల ముడులు చూసి తన తెలివికి తానే మురిసిపోయాడు. ఇక క్లిప్పులు కావాలి. సైకిలు దుకాణానికి బయలుదేరాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు యేసమ్మ పందిరి వెనక ఇంట్లోంచి బయటికి వచ్చింది. ఆమె ఇరవై రెండేళ్ళు బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. చేతికి తాయెత్తు, గుమ్మానికి ముడుపు, చెట్టుకు గుడ్డ ఎక్కడ కనబడినా విప్పించకుండా కదిలేది కాదు. అటువంటిది తన సొంత అల్లుడి పందిరి కింద, మిషను ఆసుపత్రి డాక్టరమ్మ కారులో, పద్నాలుగు ముడులు! పైగా ఆకుపచ్చ, పైగా తళుకులు! ఆమె కళ్ళద్దాలు సవరించుకుని మరోసారి చూసింది. తరవాత లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చింది.

లాజరు తిరిగి వచ్చేసరికి గోనెపట్టా మీద ఏడు నల్లటి గొట్టాలు నున్నగా పడి ఉన్నాయి. ఇంజనులో ఒక్క రంగూ లేదు. యేసమ్మ కారు మీద చేయి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది.

"అత్తమ్మా, గుడ్డపీలికలేవి?" అన్నాడు.

ఆమె ఆమెన్ అన్నాకే కళ్ళు తెరిచింది. "పొయ్యిల ఏసిన. గిదేం పని అల్లుడా? కమిటీ దినం నాడు బండికి దర్గా ముడులు గడ్తవా? చర్చి అయ్యగారు చూస్తె నీ ఉద్యోగం ఉంటదా? నేను చూసిన గాబట్టి బతికినవ్."

లాజరు అత్తగారిని తిట్టలేడు, తిట్టకుండా ఉండలేడు. ఎలిశిబా పరుగెత్తి వంటింట్లో చూసింది. పొయ్యిలో బూడిద తప్ప ఏమీ లేదు. ఈ గోల విని గులాం రసూల్ మెడలో టేపు వేసుకునే వచ్చాడు.

"దర్గావని ఎవరన్నరమ్మా?" అన్నాడు నెమ్మదిగా. "అవి మీ చర్చి కోత పండుగ తోరణాల పీలికలు. ఆర్డరిచ్చింది మీరే గద. ఆకుపచ్చ ఎక్కువుండాలె, తళుకులుండాలె అని మీరే చెప్పిన్రు."

యేసమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "గా సంగతి ముందుగాల చెప్పాలె గదయ్యా" అని కత్తెర తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటికి తొమ్మిదిన్నర. ఏడు గొట్టాలు, పద్నాలుగు మూతులు. గొట్టాలన్నీ ఇంచుమించు ఒకే పొడవు. లాజరు ఒక్కో గొట్టాన్ని ఒక్కో మూతికి ఆనించి చూసి దింపేస్తున్నాడు. ఎలిశిబాకు మాత్రం ఒక దారి తోచింది. "బండిల పుస్తకమున్నది గద. జయానందం సారును పిలుస్త. సారుకు రాని ఇంగ్లీషున్నదా?"

జయానందం సారు మిషను బడిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. వచ్చి, కుర్చీ వేయించుకుని, పుస్తకం తెరిచి చాలాసేపు చూశాడు. అది జర్మను భాష. ఒక్క మాటా అంతుపట్టలేదు. కానీ గోల విని చుట్టూ చేరిన జనంలో సగం మంది ఆయన శిష్యులే. తెలియదని అనడం ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు.

"ఇంగ్లీషే గని, జర పాత ఇంగ్లీషు" అని గొంతు సవరించుకున్నాడు. ఒక పేజీలో పెన్సిలుతో టిక్కులు పెడుతూ పోయాడు. "మొదటి గొట్టం ఎడమకు. రెండోది దాని పక్కకు. మూడోది... మూడోది గూడ దాని పక్కకే."

"సారు, పక్కకు మూతి లేదు."

"పుస్తకంల ఉన్నది. నీ బండిల లేకుంటె నేనేం జేస్త?"

చెప్పినవి కొన్ని, తోచినవి కొన్ని, గుర్తున్నవి కొన్ని కలిపి లాజరు తొడుగుతూ పోయాడు. పదిన్నరకు పని అయిపోయింది. కానీ చేతిలో ఒక గొట్టం మిగిలింది. వాల్వు మాత్రం రెండు మూతులూ తెరుచుకుని ఒంటరిగా ఉంది. దానికి రావలసిన గాలి దాన్ని దాటేసి, మరో గొట్టం గుండా నేరుగా ఇంజనులోకే పోతోంది. అది తప్పని లాజరుకు తెలుసు. సరిచేద్దామని స్క్రూడ్రైవరు ఎత్తాడో లేదో, గేటు దగ్గర డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"దవాఖానల పని తొందరగ అయిందని జల్దీ వచ్చిన. తయారేనా లాజరూ?"

లాజరు మిగిలిన గొట్టాన్ని ప్యాంటు జేబులోకి తోసి, బానెట్ దించేశాడు. "తయార్ డాక్టరమ్మా."

ఆమె తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారి దగ్గి, పెద్దపులిలా గర్జించింది. కాలు పెట్టకుండానే గర్జిస్తోంది. జయానందం సారు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ఏంది గింత అరుస్తుంది?"

"కొత్త రబ్బరు గద, డాక్టరమ్మా. జర అలవాటు గావాలె." ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే లాజరుకే నమ్మబుద్ధి కాలేదు.

ఎల్దుర్తి రోడ్డు మీద లాజరు బండిలో కూర్చున్నాడే గానీ ప్రాణం ప్రాణంలో లేదు. డాక్టరమ్మ ఆక్సిలరేటరు మీంచి కాలు తీసేసినా బండి దాని పాటికది పోతూనే ఉంది. ఆమె పాదం పూర్తిగా బ్రేకు మీదే ఉంది. ఒక మలుపులో మేకల మంద అడ్డం వచ్చింది. ఆమె బ్రేకు గట్టిగా తొక్కింది. లాజరు కళ్ళు మూసుకున్నాడు. ఇంజను ఇప్పుడు ఆగుతుంది, ఉద్యోగం మదన్ మోహన్‌కు పోతుంది, మంచం పాత గోడ పక్కనే ఉంటుంది. కానీ ఇంజను ఆగలేదు. నిలబడిన చోటే ఇంకా గట్టిగా అరిచింది. ఆ అరుపుకు మేకలు కాపరితో సహా పొలంలోకి దూకాయి.

"ఆగలే!" అంది డాక్టరమ్మ, తనలో తాను అన్నట్టు.

అంగడి దాటేటప్పుడు మిరపకాయల వాళ్ళు అలవాటు ప్రకారం తోయడానికి లేచారు. బండి వాళ్ళ మధ్యలోంచి గర్జిస్తూ వెళ్ళిపోయింది. అంత నిండుగా నవ్విన డాక్టరమ్మను లాజరు అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆ నవ్వు చూసేకొద్దీ జేబులోని గొట్టం తొడకు మరింత గుచ్చుకుంది.

క్లినిక్ ముగిశాక ఆమె సీటు మీద పడి ఉన్న పుస్తకం తీసి, టిక్కులు పెట్టిన పేజీ చూసింది. "గివి ఎవరు పెట్టిన్రు?"

"జయానందం సారు. గొట్టాల పేజీ, డాక్టరమ్మా."

"గిది సీట్ల గుడ్డ ఎట్ల ఉతకాల్నో చెప్పే పేజీ" అని పుస్తకం మూసింది. తిరుగు దారంతా లాజరు జేబు మీంచి చేయి తీయకుండా కూర్చున్నాడు.

నాలుగింటికి పది నిమిషాలు ఉన్నాయనగా ఆసుపత్రి పోర్టికోలో బండి నిలిచింది. పోనూ రానూ ఒక్కసారి కూడా ఇంజను చావలేదు. నోరు మూసుకుంటే ఉద్యోగం అతనిదే. కమిటీ గది తలుపు తెరిచే ఉంది. కానీ బ్రేకుల దగ్గర కాలిన వాసన వస్తోంది. ఆ వాసన ముక్కుకు తగులుతుంటే మెకానిక్కన్నవాడికి నోరు మూసుకోవడం ఎలా సాధ్యం? అతనికి ఏడుపొచ్చినంత పని అయింది. జేబులోంచి గొట్టం తీసి రెండు చేతులతో చాచాడు.

"డాక్టరమ్మా, గిది బండిల ఉండాలె. నా జేబుల ఉన్నది. తప్పుగ కలిపిన. అందుకే అరుస్తుంది. నా పేరు చెప్పకుండ్రి. గని రేపొక్క దినమియ్యండ్రి, మంచిగ కలిపిస్త."

ఆమె గొట్టాన్ని చూసింది, బండిని చూసింది, గడియారం చూసుకుంది.

"ఆపరేషన్ల కడుపుల కత్తెర మరిచి ఊకున్న డాక్టర్లను చూసిన లాజరూ. బయట మిగిలిందని తెచ్చి చూపించినోణ్ణి నిన్నే చూసిన" అని గొట్టం తన బ్యాగులో వేసుకుని కమిటీ గదిలోకి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "బ్రేకులు కొత్తవెయ్యి. ఇంజను ముట్టుకున్నవో, చూడు మరి!"

మర్నాడు ఆర్డరు వచ్చింది. ఎలిశిబా రెండుసార్లు చదివించుకుని కళ్ళు తుడుచుకుంది. యేసమ్మ అది తన ప్రార్థన ఫలమని వీధంతా చెప్పింది. జయానందం సారు అది తన ఇంగ్లీషు ఫలమని చెప్పాడు.

ఆర్డరులో మొదటి వాక్యం లాజరును ఆసుపత్రి బండ్లకు పర్మనెంటు మెకానిక్కుగా నియమించింది. రెండో వాక్యం, డాక్టరమ్మ కారు బానెట్‌ను ఎవరూ, ముఖ్యంగా మెకానిక్కు, ఎత్తరాదని ఆదేశించింది.