మంత్రిగారి రెండో సైకిలు

రాష్ట్ర ఇంధన పొదుపు శాఖ మంత్రి రామభద్రరావు గారు ఇకమీదట ప్రతి సోమవారం సైకిలు మీదే ప్రజల్లోకి వెళ్తారని మారేడ్‌పల్లిలోని వారి నివాసం నుంచి ప్రకటన వెలువడింది. ఆ ప్రకటన కాపీలను పత్రికాఫీసులకు చేర్చడానికి మూడు కార్లు బయల్దేరాయి.

హైటెక్ సిటీలో వారానికో అద్దాల మేడ లేస్తున్న రోజులవి. సాఫ్ట్‌వేర్ వాళ్లు సెలవురోజుల్లో ఖరీదైన సైకిళ్లు తొక్కుతున్నారనీ, వాళ్ల ఓట్లు ఇంకా ఎవరి జేబులోనూ పడలేదనీ మంత్రిగారి చెవిన ఎవరో వేశారు. వెంటనే దారి కూడా ఖరారైంది. మారేడ్‌పల్లిలో బయల్దేరి లాలాగూడ, మెట్టుగూడల మీదుగా చిలకలగూడలోని క్యాంపు ఆఫీసు దాకా సైకిలు. అక్కణ్నుంచి సచివాలయానికి కారు. ట్యాంక్‌బండ్ మీద గాలి ఎక్కువనీ, మంత్రి స్థాయి మనిషిని ఆ గాలికి వదిలెయ్యడం ప్రభుత్వానికి క్షేమం కాదనీ నిపుణులు తేల్చారు.

ప్రకటనలోని చివరి వాక్యం పైడిబాబును పట్టుకుంది. మంత్రిగారి వెంట సోమవారాలు సైకిలు తొక్కిన కార్యకర్తలకే రాబోయే మునిసిపల్ ఎన్నికల్లో టికెట్లు. హాజరు పట్టీ ఉంటుంది.

పైడిబాబుది బొబ్బిలి దగ్గర పల్లె. వయసులో ఉండగా టెలిగ్రాములు పట్టుకుని ఎండనకా వాననకా సైకిలు తొక్కినవాడు. పట్నం వచ్చి కొరియర్ కంపెనీలో గుమాస్తాగా కుదురుకుని, మెట్టుగూడలో కాపురం పెట్టి, పద్దెనిమిదేళ్లుగా పార్టీ జెండా మోస్తున్నాడు. ఇన్నేళ్లలో పార్టీ అతనికిచ్చింది రెండు కండువాలు, ఒక లాఠీదెబ్బ. మెట్టుగూడ వార్డుకు కార్పొరేటర్ కావడం తప్ప ఈ జన్మకు అతనికి వేరే కోరిక లేదు.

“ఈసారీ ఇవ్వకపోతే ఏటి సేస్తారు?” అని అడిగింది భార్య సత్యవేణి.

“ఎందుకివ్వరే? ఉపన్యాసాలంటే నాకు రావు గానీ, తొక్కడంలో నన్ను కొట్టేవోడేడీ?” అన్నాడు పైడిబాబు.

మొదటి సోమవారం మంత్రిగారు హైబ్రిడ్ సైకిలెక్కారు. హైబ్రిడ్ అంటే వంకాయల్లోనే ఉంటుందని వారు అప్పటిదాకా అనుకునేవారు. తిన్నటి హ్యాండిలు, వెడల్పాటి సీటు, మహారాజులా నిటారుగా కూర్చోవచ్చు. ఆ సమయానికి లాలాగూడ వర్క్‌షాపు షిఫ్టుకు రెండు వందల మంది కార్మికులు సైకిళ్ల మీద వెళ్తున్నారు. పోలీసులు వాళ్లందర్నీ గోడవారకు నెట్టారు.

“మంత్రిగారు సైకిల్ మీద వస్తున్నరు! మీ సైకిళ్లు అడ్డం తియ్యుండ్రి!”

ఆ రోజు కార్మికులకు అరపూట జీతం కోత పడింది. స్వచ్ఛమైన గాలి ఊరికే రాదు.

నిటారుగా కూర్చోవడంలోని చిక్కు మర్నాటి పేపర్లో తెలిసింది. మంత్రిగారి ముఖం చాలా స్పష్టంగా పడింది. నోరు తెరుచుకుని ఉంది, నాలుక బయటికొచ్చింది, కళ్లు పైకి పోయాయి. ‘ప్రభుత్వం పరిస్థితి ఇదీ’ అని ప్రతిపక్షం ఆ ఫొటోను ఊరంతా అంటించింది.

మంత్రిగారింట్లో అత్యవసర సమావేశం జరిగింది. ఇమేజ్ కన్సల్టెంట్ ఆశీష్ ల్యాప్‌టాప్ తెరిచాడు.

“సార్, ఇష్యూ మీ స్టామినా కాదు. హ్యాండిల్. ఫ్లాట్ బార్ వల్ల మీ ఫేస్ ఎక్స్‌పోజ్ అవుతోంది. డ్రాప్ బార్ రోడ్ బైక్‌కి షిఫ్ట్ అయిపోదాం.”

తెర మీద ఒక బక్కపల్చటి సైకిలు కనపడింది. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది.

“దీంట్ల ఏముంటది?” అన్నారు మంత్రిగారు.

“ముందుకి బాగా వంగి తొక్కాలి సార్. నెత్తిన హెల్మెట్, కళ్లకి గాగుల్స్. కెమెరాకి ఫేస్ దొరకదు.”

“దొరకదా?”

“అస్సలు దొరకదు సార్.”

మంత్రిగారు కళ్లు మూసుకుని దీర్ఘంగా ఆలోచించారు. ఆలోచన మధ్యలో చిన్నగా గురక కూడా వినపడింది. సమావేశం ఊపిరి బిగబట్టింది.

“మన లీడర్ నెత్తి వంచుకుని పోతుంటే పబ్లిక్ ఏమనుకుంటది?” అని ఒక సీనియర్ నాయకుడు అనుమానం లేవదీశాడు.

“పబ్లిక్ సంగతి ఏమో గానీ, ఢిల్లీ వాళ్లు సంతోషిస్తారండీ” అన్నాడు మంత్రిగారి పీఏ దేవసహాయం. దాంతో కొత్త సైకిలు మంజూరైంది.

అది విమానంలో దిగింది. మంత్రిగారి కంటే ముందు దాన్ని కార్యకర్తలు చూశారు. హ్యాండిలు కిందికి వంగి ఉండటం పార్టీకే తలవంపులని సన్యాసిరాజు అనే కార్యకర్త మండిపడ్డాడు. నలుగురు కలిసి స్పానర్లు తెచ్చి, బోల్టులు విప్పి, హ్యాండిల్ని పైకి తిప్పి బిగించారు. సైకిలు కుమ్మడానికొచ్చే దున్నపోతులా తయారైంది. మెట్టుగూడ మెకానిక్కు జకర్యా వచ్చి చూసి నోరు నొక్కుకున్నాడు.

“ఏందన్నా గిట్ల జేసిండ్రు? బ్రేకులు మొగులు దిక్కు జూస్తున్నయ్! ఎక్కినోడు పట్టుకునేది ఎట్ల?”

“నాయకుడు ముందుకే పోతడు. ఆగుడు మా పార్టీల లేదు” అన్నాడు సన్యాసిరాజు. అయినా జకర్యా హ్యాండిల్ని మళ్లీ కిందికి దించి బిగించాడు.

తర్వాత పూజ. కారుకు చేసినట్టే చేశారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, చక్రాల కింద చెరో నిమ్మకాయ. కారు బరువుకు నిమ్మకాయ నలుగుతుంది. బొటనవేలంత సన్నటి టైరుకు ఆ శక్తి లేదు. మంత్రిగారు జయజయధ్వానాల మధ్య పెడల్ తొక్కారు. ముందు నిమ్మకాయ ఎడమకు పోయింది, వెనక నిమ్మకాయ కుడికి పోయింది, మంత్రిగారు మాత్రం పక్షపాతం లేకుండా నేరుగా కిందికి వచ్చారు. నియోజకవర్గపు మట్టిని మంత్రిగారు భక్తితో ముద్దాడారని ప్రకటన వెలువడింది. ముద్దాడే క్రమంలో ఒక పన్ను అక్కడే ఉండిపోయింది.

మట్టిలో ఉండగానే, ముఖం దొరకదన్న మాటలోని లోతు వారికి బోధపడింది. సాయంత్రానికల్లా, మొదటి సోమవారం కార్యకర్తలందరికంటే ముందు తొక్కిన పైడిబాబుకు కబురొచ్చింది.

“పైడిబాబు గారూ, మీ చొక్కా సైజెంత?” అన్నాడు దేవసహాయం, తలుపు దగ్గరికి వేసి.

“నలభై రెండండి.”

“దేవునికి స్తోత్రం. సార్‌దీ అదే. పొట్ట కూడా ఇంచుమించు సరిపోతుంది. సోమవారం నుంచి సార్ బదులు మీరు తొక్కాలి.”

“మరి నా టికెట్టండీ?” అన్నాడు పైడిబాబు.

“భలేవారే! మీరు తొక్కేది సార్‌గా. సార్‌కి సార్ కంటే దగ్గరివాళ్లు ఎవరుంటారు చెప్పండి?”

“హాజరు పట్టీలో సంతకం?”

“సార్‌గా తొక్కుతూ మీరుగా సంతకం ఎలా పెడతారండీ? గుట్టు బయటపడదూ? మీ సంగతి సార్ మనసులో ఉంటుంది.”

మంత్రి మనసులో చోటు దొరకడం కంటే భాగ్యం ఏముందని పైడిబాబు పొంగిపోయాడు.

తర్వాత తొమ్మిది సోమవారాలు మంత్రిగారు అద్భుతంగా తొక్కారు. ఎర్ర చొక్కా, నల్ల గాగుల్స్, గాలిని కోసుకుంటూ వెళ్లే వంగిన నడుం. టీవీ ఛానెళ్లు ప్రత్యక్ష ప్రసారం పెట్టాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లు వెంటపడి కూడా అందుకోలేకపోయారు. జనం ‘రామభద్రన్న జిందాబాద్’ అంటే పైడిబాబు ఒళ్లు పులకరించేది. రోడ్డు పక్కన సత్యవేణి కూడా చప్పట్లు కొట్టేది. పేరు పెట్టి పిలవలేక కళ్లు తుడుచుకునేది.

తల వంచుకుని తొక్కేవాడికి కనపడేది రోడ్డొక్కటే. మెట్టుగూడ గుంతలన్నీ పైడిబాబుకు చుట్టాలైపోయాయి. గెలిచిన మర్నాటి నుంచి ఏది ముందు పూడ్చాలో, ఏది తర్వాతో ఒక కాగితం మీద వరుసగా రాసిపెట్టుకున్నాడు. నిజంగా పూడ్చాలనే రాసుకున్నాడు, పిచ్చివాడు.

ఆ సమయంలో మంత్రిగారు ఇంట్లో పెసరట్టు తింటూ టీవీలో తమను తాము చూసుకునేవారు. మొదట్లో “మంచిగ తొక్కుతుండు” అనేవారు. నాలుగో వారానికి “మలుపుకాడ జెర స్లో అయిన” అన్నారు. ఏడో వారానికి, పిక్కలు పట్టేశాయని మాలిష్ మనిషిని పిలిపించారు. దేశంలోకెల్లా దృఢమైన మంత్రిగా ఏదో సంస్థ వారికి వెండి పెడలు బహూకరించింది. కష్టపడితే సాధించలేనిది లేదని ఆ సభలో వారు గద్గద స్వరంతో చెప్పారు. ఆ కన్నీళ్లు కల్తీ లేనివి.

టికెట్ల జాబితా వచ్చింది. మెట్టుగూడ వార్డు: సన్యాసిరాజు. ప్రతి సోమవారం మంచినీళ్ల వ్యానులో వెనకాలే కూర్చుని వచ్చి, పట్టీలో అందరికంటే ముందు సంతకం చేసినవాడు.

పైడిబాబు ఆగమేఘాల మీద మారేడ్‌పల్లి పరుగెత్తాడు. మంత్రిగారు పిక్కలకు నూనె రాయించుకుంటున్నారు.

“ఏటండీ ఇది? నాకు అన్యాయం జరిగిపోయింది!”

మంత్రిగారు బాధగా చూశారు. “నీ మీద నాకు మస్తు నమ్మకం ఉండె పైడిబాబూ. కమిటీ పట్టీ జూసింది. మొదటి సోమవారం తప్ప నీ సంతకం ఒక్కటి లేదు.”

“నేను సైకిలు మీద ఉన్నాను కదండీ!”

“ఏ సైకిల్ మీద? ఎండల, వానల చెమట్లు కక్కుకుంట తొక్కిన నేను. తిరిగి తిరిగి ఎనక్కి జూసిన. అందరున్నరు, నువ్వు లేవు. కొత్త సైకిల్ వచ్చినంక ఒక్క సోమవారమన్న కనపడ్డవా? దేవుని మీద ఒట్టేసి చెప్పు.”

పైడిబాబు దేవసహాయం వైపు చూశాడు. దేవసహాయం గోడ మీది క్యాలెండర్ని చూశాడు. ఒట్టేసి చెప్పాలంటే, కనపడలేదన్న మాట నిజమే. పైడిబాబుకు ఏడుపొచ్చింది.

వచ్చే సోమవారం తాను వెళ్లనని ఇంటికొచ్చి శపథం చేశాడు. “ఎవడు తొక్కుతాడో సూస్తాను. రాష్ట్రమంతా సూస్తాది ఆయన బండారం!”

సోమవారం పొద్దున్నే టీవీ ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. సత్యవేణి టీ ఇచ్చి పక్కన కూర్చుంది. ఎనిమిదింటికి మారేడ్‌పల్లి గేటు తెరుచుకుంది. ఎర్ర చొక్కా, నల్ల గాగుల్స్, వంగిన నడుం. మంత్రిగారు రివ్వున బయటికొచ్చి లాలాగూడ వైపు దూసుకుపోయారు. మంత్రిగారిలో ఇవాళ కొత్త ఉత్సాహం కనపడుతోందని యాంకర్ మురిసిపోయింది.

“మరి ఆయనెవరండీ?” అంది సత్యవేణి.

పైడిబాబు తెరకు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. టీ చల్లారిపోయింది. తెర మీద మంత్రిగారు మెట్టుగూడ మలుపులో బ్రేకు కూడా వెయ్యకుండా తిరుగుతుండగా ఫోను మోగింది. అవతల పెసరట్టు నములుతున్న చప్పుడు.

“ఏం పైడిబాబూ, టీవీ జూస్తున్నవా? ఎట్ల తొక్కుతున్న నేను?”

పైడిబాబు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

“బెమ్మాండంగా తొక్కుతున్నారండీ” అన్నాడు.