ఉడత, తొండ, ఒక గోరింక రికార్డు

ఒక పెద్ద అడవిలో, 1987 జూలై తొమ్మిదో తేదీ గురువారం నాడు, తెల్లవారుజాము నుంచీ ముసురు పట్టింది. పడమటి గాలి. మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చి మళ్ళీ మొదలైంది. వాన ఇంత వివరంగా ఎందుకంటే, ఆ వానే లేకపోతే ఆ రికార్డు పుట్టేది కాదు.

మద్దిచెట్టు తొర్రలో బంగార్రాజు అనే ఉడత, నూకయ్య అనే తొండ కలిసి కాపురముండేవి. వానకి రెండూ లోపలే ఉండిపోయాయి. ఉడత తోక గుమ్మానికి అడ్డం పడింది. తొండకి గాలాడలేదు. పైకొమ్మ మీద వడ్రంగిపిట్ట టక టక పొడుస్తోంది. ఆ దరువుకి తొండ నోరు తెరిచింది.

"ఉడత ఊపితే కొమ్మైనా ఊగదు,
తోక తీస్తే నీలో ఏదీ మిగలదు!"

ఉడతకి రోషం వచ్చింది.

"అడగకపోయినా తలూపుతావు,
ఎవడేమన్నా అవునంటావు!"

చెట్టు కింద తలదాచుకున్న నక్క చెవులు నిక్కించింది. రాజుగారి కొలువులో మంత్రి పదవి ఖాళీగా ఉంది. అడవంతా ఎవరికి భయపడితే వాళ్ళకే ఇస్తారని దాని నమ్మకం. మా కాలేజీలో ప్రిన్సిపాలు పదవి కూడా అలాగే... సరే, అది వేరే కథ.

"తమ్ముళ్ళూ, తిట్లు బాగున్నాయి. కానీ రక్తం లేదు," అంది నక్క. "రక్తం ఉంటే రికార్డు చేయిస్తాను."

ఆ అడవిలో రికార్డంటే గోరింక. ఒకసారి నేర్పితే జన్మలో మరిచిపోదు. సొంతంగా ఒక్క ముక్క కల్పించలేదు. అందుకే కోర్టులో కూడా ఎవరి సాక్ష్యం కన్నా గోరింక మాటే చెల్లేది.

"మేం ఎవర్నీ చంపలేదు కదా నక్కబావా?" అంది తొండ.

"చంపక్కర్లేదురా, చంపామంటే చాలు. ముసలిరాజు పోయాడుగా, ఆయన్ని వేసుకో."

ముసలి సింహం ఆ వేసవిలో విందులో దుప్పి ఎముక గొంతుకి అడ్డుపడి పోయింది. అడవంతా చూసింది. ఉడత క్షణం ఆలోచించలేదు.

"రాజు మెడ విరిచింది ఎవడు?
ఈ కొమ్మ మీది మొనగాడు!"

"విరిచానని వాగకురా బుడతా," అందుకుంది తొండ, "మింగింది నేను, జూలుతో సహా, ఉడతా!"

నక్కకి ఆశ ఆగలేదు. చివరి చరణం తనే కట్టి గోరింకకి నేర్పింది.

"ఇద్దరి వెనకా ఉన్నాడు దొర,
నక్క కన్ను గీటితే సింహమే అయింది ఎర!"

వారం తిరక్కుండా జింకపిల్లలు గోరింక పాటకి తలలూపుతూ నడవసాగాయి. ముళ్ళపంది ఉడతకి దారిచ్చింది. నక్క మంత్రి కుర్చీ కొలతలు అడిగింది.

అప్పుడు ముసలిరాజు కొడుకు, ఇప్పటి రాజు, కుర్రసింహం చెవిన పాట పడింది. విచారణ పెట్టారు. ఏనుగు జడ్జి.

"అయ్యా, ఆయన ఎముక అడ్డం పడి పోయారు," అంది నక్క. "ఆ రోజు వీపు చరిచింది కూడా తమరే!"

"చరిచాను. ఎముక కళ్ళారా చూశాను," అంది ఏనుగు. "కానీ రికార్డులో ఎముక లేదే! మీ ముగ్గురూ అడవి వదిలి ఏరు దాటి పోవాల్సి ఉంటుంది. నేనే చంపానన్న ఉడతా తొండల్లో ఎవరైనా అది అబద్ధమని ఒప్పుకుంటే పాట కొట్టేస్తాను. మీ తొర్ర మీకే ఉంటుంది."

ఉడతకి తొర్ర గుర్తొచ్చింది. ఏటి అవతల తొర్రున్న చెట్టన్నది లేదు, అంతా రెల్లుగడ్డే. "అయ్యా, నిజానికి నేను..." అని మొదలెట్టింది.

"చూశారా!" అని తొండ పకపకా నవ్వింది. "వాడి మొహానికి సింహమా? చంపింది నేనే!"

"నువ్వా? ఈగని పట్టడానికి పూట పడుతుంది నీకు! నేనే చంపాను!"

"నేను!"

"ఒరేయ్, అబద్ధమని చెప్పండ్రా!" నక్క గొంతు చించుకుంది.

"నువ్వు కన్ను గీటాక కూడా మాట మారుస్తామా బావా?" అన్నాయి రెండూ ఒక్క గొంతుతో. ఆ ఏడాది వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

ముగ్గుర్నీ ఏరు దాటించారు.

తొర్ర వడ్రంగిపిట్టకి దక్కింది. నక్క బొరియ ముళ్ళపందికి వెళ్ళింది. మంత్రి పదవి ఏనుగు బావమరిదికి, అతనికి పాట రాదు గనక. పాట కుర్రసింహానికి మిగిలింది. తండ్రిని చంపిన చరణం రాగానే తనకి తెలియకుండానే తలూపుతుందట. అంతా పాడిన గోరింకకి ఒక్క నేరేడుపండు కూడా రాలేదు. ఉడతకీ తొండకీ ఏటి అవతల వానలో ఒకే ఆముదపాకు. దాని కింద తోక ఎవరికి అడ్డమో ఇంకా తేలలేదు.

నీతి: నేరం చేస్తే చేయండి గానీ, ప్రాస కుదిరేలా మాత్రం ఒప్పుకోకండి.