హైడ్రోజన్ తెలియనివారి జాబితా

అనకాపల్లిలో హైడ్రోజన్ గురించి తెలియని మనిషి ఒక్కడు కూడా మిగలకూడదని 1966వ సంవత్సరం కార్తీకమాసంలో పెద్దలు నిశ్చయించారు. తాగే నీళ్ళ గురించి అంత గట్టి నిశ్చయం ఎన్నడూ జరగలేదు గనక ఊరివాళ్ళు కాస్త ఆశ్చర్యపోయారు. (నీళ్ళలో ఉండేదే హైడ్రోజన్ కాబట్టి ముందు అది తెలుసుకుంటే, నీళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చునని వివరణ వచ్చింది.)

ఈ మహాకార్యం కోసం హైడ్రోజన్ ప్రజాప్రబోధ ఉపశాఖ అనేదొకటి పుట్టి, బెల్లం మార్కెట్టు వెనక అద్దె గదిలో రెండు బల్లలతోనూ ఒక బీరువాతోనూ కాపురం పెట్టింది. ప్రబోధాధికారి బంగారయ్య సబ్బవరం నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ముందుముందు పొయ్యిలూ, బస్సులూ, ఆకాశంలోకి పోయే ఓడలూ కూడా హైడ్రోజన్‌తోనే నడుస్తాయని ఆయన కరపత్రాలు పంచాడు. ఆయనొచ్చే బస్సు మాత్రం వారానికి రెండుసార్లు జనం దిగి తోస్తే నడిచేది.

ఉపశాఖ పద్ధతి చాలా సులువు. సభకు వచ్చినవాడు ముందు ఫారం 4(క) మీద ‘నాకు హైడ్రోజన్ గురించి ఏమీ తెలియదు’ అని సంతకం పెట్టాలి. ఉపన్యాసం అయ్యాక ఫారం 4(ఖ) మీద ‘ఇప్పుడు తెలిసినది’ అని సంతకం పెట్టాలి. మధ్యలో ఏం జరగాలన్నదానికి ఫారం లేదు. అనకాపల్లికి ఐదువందలమంది తెలియనివారు మంజూరయ్యారు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. అయితే యాసిడ్‌లోంచి హైడ్రోజన్ పుడుతుందని ఉపశాఖకు ఆలస్యంగా తెలిసింది. దాంతో ఇకమీదట 4(ఖ) కాగితం ఉన్నవాళ్ళకే యాసిడ్ కొనుక్కునే పర్మిటు ఇస్తామన్నారు. రేకుపని చేసే జియావుద్దీన్ నెత్తిన పిడుగు పడింది.

జియావుద్దీన్ లాంతర్లకూ, కిరసనాయిలు డబ్బాలకూ మాట్లు వేసే మనిషి. మాటు అతకాలంటే రేకు మీద ముందు మందు రాయాలి. ఆ మందును వాళ్ళ అబ్బాజాన్ నేర్పిన పద్ధతిలోనే చేసేవాడు. చచ్చిపోయిన టార్చిలైటు బ్యాటరీల పైతొక్క జింకు. దాన్ని ముక్కలు కత్తిరించి యాసిడ్‌లో వేస్తే బుసబుసా పొంగుతుంది. పొంగు ఆగాక మిగిలినదే మందు. రావికమతం రైతు ఎర్రయ్య గానుగల దగ్గరికని అరవై లాంతర్లు తెచ్చి పడేసి వెళ్ళాడు. వారంలో గానుగలు మొదలు. జాడీలో యాసిడ్ రెండు వేళ్ళ లోతు మిగిలింది. అంచేత జియావుద్దీన్ ఆఫీసుకు వెళ్ళాడు.

“హైడ్రోజన్ అంటే ఏటో తెలుసా?” అన్నాడు బంగారయ్య, 4(క) తీసి.

“తెలుసండి. జింకు యాసిడ్‌లో ఏత్తే బుడగలొత్తాయి కదండి, అదే. నిప్పు దగ్గిరెడితే టప్‌మంటది. ఓపాలి బీడీ ముట్టించి నా కనుబొమలు కాల్చుకున్నానండి.”

బంగారయ్య కలం కింద పెట్టాడు.

“ఎన్నాళ్ళనుంచి సేత్తన్నావు?”

“ఇరవయ్యేళ్ళండి.”

“పర్మిషన్ లేకుండానా? ఎవరు నేర్పేరు?”

“మా అబ్బాజాన్ అండి.”

“ఆయనకి సర్టిఫికెట్టు ఉందా?”

“ఆయన పోయి పదేళ్ళయిందండి.”

“అలగైతే ఆయన్ని ఒగ్గేద్దాం. నీతోనే వచ్చింది చిక్కు. తెలిసినోడికి తెలియజెయ్యడానికి రూల్సు ఒప్పుకోవయ్యా. తెలీదను, గొడవ ఒదిలిపోద్ది.”

జియావుద్దీన్ రెండు రోజులు ఒప్పుకోలేదు. కన్నతండ్రి చెయ్యిపట్టి నేర్పిన పని నాకు తెలియదని రాసివ్వడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు. మూడోరోజు ఎర్రయ్య వచ్చి, “లాంతర్లు ఏవయ్యేయి మావా, సీకట్లో బెల్లం ఒండమంటావేటి?” అని అడిగి వెళ్ళాడు. జియావుద్దీన్ ఆఫీసుకు వెళ్ళి, తలొంచుకుని 4(క) మీద సంతకం పెట్టాడు. తెలియనివారి జాబితాలో అతనిది నాలుగువందల తొంభైతొమ్మిదో నంబరు.

సభ హైస్కూల్లో పెట్టారు. పిల్లలే మూడువందలమందికి పైగా ఉన్నారు. విశాఖపట్నం నుంచి పైఅధికారి వచ్చి కూర్చున్నాడు. లెక్కకు ఒకరు తక్కువయ్యారని బంగారయ్య కంగారుపడుతుంటే, జియావుద్దీన్ భార్య గుల్జార్‌బీ భోజనం క్యారేజీతో గుమ్మంలో కనిపించింది. ఆవిణ్ణి ఆడవాళ్ళ వరసలో కూర్చోబెట్టి 4(క) మీద వేలిముద్ర వేయించారు. ఉపన్యాసం మొదలైన ఐదు నిమిషాలకు ఆవిడ హాయిగా కునుకు తీసింది.

ప్రయోగం చేసి చూపించవలసినవాడు సైన్సు మేష్టారు తాతబ్బాయి. ఆయన బల్లమీద సీసా ఉంది, గొట్టం ఉంది, జింకు ముక్కలున్నాయి. యాసిడ్ లేదు. ఆయన ప్రబోధకుడు, అంటే ముందే తెలిసినవాడు. అందువల్ల 4(క) రాయడానికి అనర్హుడు, అందువల్ల 4(ఖ) లేదు, అందువల్ల పర్మిటూ లేదు. జింకుముక్కల మీద మంచినీళ్ళు పోసి, “బుడగలు వస్తున్నట్టు భావించండి,” అన్నాడు. పిల్లలు భావించారు. ముందు వరసలో ఒకమ్మాయి మాత్రం సీసాలోకి కళ్ళు పెట్టి చూసి, “రాలేదండి,” అంది.

తాతబ్బాయి ముఖం పాలిపోయింది. మెల్లిగా వెనక వరసలోకి వచ్చి జియావుద్దీన్ చెవిలో, “నీ దగ్గిర యాసిడ్ కొంచెం ఉంటాదేమో కదా. పిల్లలు సూడాలి బాబూ,” అన్నాడు.

జియావుద్దీన్ బంగారయ్య చేతిలోని జాబితా వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. ఇప్పుడు లేచాడంటే తెలిసినవాడైపోతాడు. లేవకపోతే ఇంతమందీ నీళ్ళు చూసి హైడ్రోజన్ అనుకుని ఇళ్ళకు పోతారు. అది అతనికి అబ్బాజాన్‌ని అవమానించినట్టే తోచింది. కొట్టుకు వెళ్ళి జాడీ తెచ్చాడు. ఉన్న రెండు వేళ్ళ యాసిడూ సీసాలో వంచాడు. బుసబుసా పొంగింది. గొట్టంలోంచి వచ్చే గాలిని బోర్లించిన గాజు కుప్పెలోకి పట్టి, “ఇది తేలికండి, పైకిపోద్ది. అంచేత బోర్లించాల,” అంటూ అగ్గిపుల్ల దగ్గర పెట్టాడు. టప్‌మంది. పిల్లలు ముందు అదిరిపడి, ఆ వెంటనే మళ్ళీ చెయ్యమని గోల పెట్టారు. ఐదుసార్లు చేశాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ పనిచేస్తున్నా ఒకరు చూసి చప్పట్లు కొట్టడం అతనికి అదే మొదలు. గుండె నిండిపోయింది.

పైఅధికారి బంగారయ్యను దగ్గరకు పిలిచి, “ఈయన ఏ శాఖ?” అని అడిగాడు.

బంగారయ్య జాబితా తిరగేసి, “తెలియనివారి శాఖండి,” అన్నాడు.

విచారణ అక్కడికక్కడే ముగిసింది. తెలిసి ఉండీ తెలియదని సంతకం పెట్టాడు కాబట్టి జియావుద్దీన్ 4(క) చెల్లదన్నారు. 4(క) చెల్లదు కాబట్టి 4(ఖ) ఇవ్వడం కుదరదన్నారు. తక్కిన నాలుగువందల తొంభైతొమ్మిది మందికీ కాగితాలు పంచారు. గుల్జార్‌బీని నిద్రలేపి మరీ ఇచ్చారు. జియావుద్దీన్‌కు వేరే కాగితం ఇచ్చారు: ‘ఎంత ప్రయత్నించినను ఈ వ్యక్తికి హైడ్రోజన్ గురించి తెలియజేయుట సాధ్యపడలేదు.’

మర్నాడు కొట్టులో అరవై లాంతర్లూ, ఖాళీ జాడీ పెట్టుకుని జియావుద్దీన్ కూలబడ్డాడు. అతన్నలా చూసి గుల్జార్‌బీ తన కాగితం పట్టుకుని తనే ఆఫీసుకు వెళ్ళింది. యాసిడ్ పర్మిటు ఆవిడ పేరున గంటలో వచ్చింది. దానికి రెండు షరతులున్నాయి. జింకు కరిగించేటప్పుడు తెలిసినవారు దగ్గరుండాలి. పని అయ్యాక రిజిస్టరులో గుర్తు వెయ్యాలి.

అంచేత గుల్జార్‌బీ చాటలో బియ్యం వేసుకుని కొట్టులో కూర్చుంది. జియావుద్దీన్ కొత్త యాసిడ్‌లో జింకు వేశాడు. ఆవిడ రాళ్ళేరడం ఆపి వంగి చూసింది.

“ఆ బుడగలేటండీ?”

జియావుద్దీన్ గోడకు అంటించిన తన కాగితం చూపించాడు.

“నన్నడక్కు. నాకు తెలీదని ఆఫీసోళ్ళు ముద్రేసి మరీ ఇచ్చేరు. తెలిసినదానివి నువ్వే.”

గుల్జార్‌బీ రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. చెయ్యి తుడుచుకుని, ‘ప్రయోగము నిపుణుల పర్యవేక్షణలో జరిగినది’ అని అచ్చువేసి ఉన్నచోట వేలిముద్ర వేసి, మళ్ళీ రాళ్ళేరుకుంది.