కత్తి ఎవరిది?

ఆదివారం ప్రార్థన నుంచి రాగానే ఇంగ్లీషు కత్తి సంగతి తేల్చాలని వీరేశం ముందురోజే అనుకున్నాడు. కట్టంగూర్ దగ్గరి ఓ పల్లెలో అతను బడిపంతులు. ఆ మడత కత్తి తాత కురుమయ్యది. తన పని మెచ్చి తెల్ల పాదిరి బహుమతిగా ఇచ్చాడని తాత చెప్పేవాడు. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే తుప్పు కింద షెఫీల్డ్ అన్న ఊరిపేరు బయటపడింది. చేసినవాళ్ల పేరు మాత్రం సగం అరిగిపోయింది.

ఫోటో తీసి, పాత కత్తులు సేకరించే ఇంగ్లండు వాళ్ల ఫేస్‌బుక్ గ్రూపుకు పంపాడు. ఊళ్లోనూ ఎవరికైనా తెలియకపోతుందా అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "ఈ కత్తి ఎవరిదో తెలిసినవారు చెప్పగలరు."

అతను అడిగింది కంపెనీ పేరని ఊరికి తట్టలేదు.

"నాదే సారూ, జాతరల పోయింది," అన్నాడు మటన్ కొట్టు నాగరాజు.

"ఏడ దొరికింది? గా ఎర్రగున్నది నెత్తురా?" అని ఇంకెవరో అడిగారు.

తుప్పు అని వీరేశం టైపు చేసేలోపే ఆ ఫోటో 'నెత్తుటి కత్తి'గా చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. అన్నం ముందు కూర్చోగానే ఠాణా నుంచి పిలుపొచ్చింది. కత్తి పట్టుకుని బయల్దేరిన కొడుకు వెంట తల్లి బిక్షమ్మ కూడా ఆటో ఎక్కింది.

ఠాణాలో అప్పటికే ఇంకో ఫిర్యాదు కూర్చుని ఉంది. ఆ ఊరి పాత దొర మనుమడు రాకేష్ ఫోటో చూసి నల్లగొండ నుంచి కారులో వచ్చాడు.

"ఇది మా తాతది సార్. పిడి మీద మా ఇంటి గుర్తుంది. వీళ్ల తాత మా ఇంట్ల జీతముండె. ఎత్తుకపోయిండు."

వీరేశం ముందుకొచ్చాడు. ఏదో అనబోయేంతలో ఫోన్ టింగుమంది. ఇంగ్లండు నుంచి జవాబు! ఆత్రంగా ఎస్సైకి చెప్పాడు.

"విట్కమ్ అనే కుటుంబం చేసిందట సార్. కలం ములుకు చెక్కుకునే కత్తట. దీంతోని ఎవలకూ ఏం కాదు."

ఎస్సై తలూపి రాకేష్ వైపు తిరిగాడు. "మరి మీ ఇంట్లకెళ్లి ఎట్ల పోయింది? రాసుకోవాలె గద."

"మా ఇంట్ల అందరికీ ఎరుకే సార్," రాకేష్ హుషారుగా అందుకున్నాడు. "కురుమయ్య ఎదురు మాట్లాడిండట. మా తాత చేతిల గీ కత్తే ఉండె. కోపంల భుజంల దింపిండు. వాడు కత్తితోనే ఉరికిండు. మళ్ల పనికి రాలె."

రాస్తున్న పెన్ను ఆగింది. తానేం చెప్పాడో రాకేష్‌కు అప్పుడు అర్థమైంది.

"పాదిరి ఇచ్చిండన్నడు గదనే అమ్మా, తాత?" వీరేశం తల్లి వైపు తిరిగాడు.

"పిల్లలకు గట్లనే చెప్పుమన్నడు కొడుకా," అంది బిక్షమ్మ. "సచ్చేదాక ఆయన కుడిచెయ్యి పైకి లేవలే. పక్షవాతమనుకున్నరు మీరంత."

ఎస్సై కత్తి మడిచి వీరేశం చేతిలో పెట్టాడు. "దొర తన చేత్తోని ఇచ్చిందే గద. దొంగతనమెట్లయితది?"

దాన్ని జేబులో వేసుకోవాలో అక్కడే పారేయాలో వీరేశానికి తోచలేదు.

రాకేష్ తన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఎంత పెద్దమనసో అని ఊరి గ్రూపంతా అతన్ని మెచ్చుకుంది.